కొళాయి వాషరు నుంచి గోడ దాకా

సెకనుకు ఒక చుక్క. కారే కొళాయికి ఇదేమంత వేగం కాదు. చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు ఉంటుందనుకుంటే, రోజుకున్న 86,400 సెకన్లలో నాలుగు లీటర్ల పైచిలుకు నీళ్ళు పోతాయి. నాలుగు రోజులకు ఒక బకెట్టు. వేసవిలో ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే హోసూరు కాలనీల్లో దీన్ని చూస్తూ ఊరుకోవడం కష్టం. కారణమూ తెలిసిందే: కొళాయి లోపలి రబ్బరు వాషరు అరిగింది. కొత్తది హార్డ్‌వేర్ షాపులో చిల్లర డబ్బులకు దొరుకుతుంది. విప్పాలి, మార్చాలి, బిగించాలి. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల పని ఆదివారం పొద్దున మొదలై, నెలాఖరుకు స్నానాల గది గోడంతా కొత్త టైల్సు వేయడంతో ముగిసిందని చెప్పేవాళ్ళు హోసూరులోనూ కృష్ణగిరిలోనూ ఏ వీధిలో అడిగినా దొరుకుతారు. మనం దాన్ని గ్రహచారం అనుకుంటాం, లేదా ప్లంబరు మీద నెడతాం. రెండూ సరికావని నా నమ్మకం. ఆ కొళాయిని చుట్టుకొని ఉన్న నీటికి, లోహానికి, సిమెంటుకు వాటి వాటి ధర్మాలున్నాయి. పని పెరిగేది ఆ ధర్మాల ప్రకారమే. ఎటు పెరుగుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు కూడా.

ఉప్పునీళ్ళు

కృష్ణగిరి జిల్లాలో నేలను కాస్త లోతుగా తవ్వితే తగిలేది గట్టి రాయి. గ్రానైట్, నైస్ అనే చారల రాయి, వాటి బంధువులు. ఇక్కడి క్వారీల నుంచి పాలిష్ బండలు దేశదేశాలకు పోతాయి. ఇలాంటి రాయిలో నీళ్ళు నిలవడానికి చోటు తక్కువ. పైన శిథిలమై మెత్తబడ్డ పొరలోనూ, దాని కింద రాతి పగుళ్ళలోనూ ఉన్న నీళ్ళే మన బోరులోకి వస్తాయి.

వాన చుక్క అక్కడిదాకా దిగే దారిలో చాలా జరుగుతుంది. మట్టిలో వేళ్ళూ సూక్ష్మజీవులూ వదిలే కార్బన్ డయాక్సైడును కలుపుకొని అది బలహీనమైన ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం రాతిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాల నుంచి కాల్షియాన్ని కొద్దికొద్దిగా లాక్కుంటుంది. వాన తక్కువ పడే నేలల్లో మట్టి మధ్య పేరుకునే సున్నపు గడ్డల్నీ కరిగించుకుంటుంది. చివరికి బోరులోంచి పైకొచ్చేది కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు కలిసిన నీరు. ఇళ్ళలో ఉప్పునీళ్ళు అని పిలిచేది దీన్నే. సబ్బు నురగ రాదు, పప్పు త్వరగా ఉడకదు. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు.

ఈ జిల్లా నీళ్ళకు ఇంకో సమస్య కూడా ఉంది, ఫ్లోరైడు. దాని కోసమే జపాన్ ఆర్థిక సహాయంతో హొగెనకల్ తాగునీటి పథకం వచ్చింది. 2008లో శంకుస్థాపన జరిగి, 2013లో ప్రారంభమై, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీళ్ళు తెచ్చింది. దంతాలూ ఎముకలూ దెబ్బతిన్న పల్లెలకు అదెంత పెద్ద మేలో చెప్పనక్కర లేదు. అయినా చాలా ఇళ్ళలో ఆ నీళ్ళు తాగడానికీ వంటకూ పోతాయి. మిద్దె మీది ట్యాంకులోకి, అక్కణ్ణుంచి స్నానాల గది కొళాయిలోకి వచ్చేవి ఇప్పటికీ బోరు నీళ్ళే.

భూమి లోపల ఒత్తిడిలో ఉన్నంతకాలం ఆ నీరు కాల్షియాన్ని కరిగించి ఉంచుకోగలదు. గాలి తగలగానే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది. పట్టి ఉంచే ఆమ్లం తగ్గడంతో కాల్షియం కార్బొనేటు తెల్లటి పెచ్చుగా బయటపడుతుంది. నీళ్ళు వేడి చేస్తే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది, అందుకే గీజరు కాయిలు మీద అంత మందాన పేరుకుంటుంది. బకెట్టు అంచున కనిపించే తెల్ల గీత సంగతి అందరికీ తెలుసు. కొళాయి లోపల, కనిపించని చోట, అదే గీత మరల మధ్య ఏర్పడుతూ ఉంటుంది. కొళాయి తల తిప్పినప్పుడు లోపల ఒక మరకాడ కిందికి దిగి, దాని కొసన ఉన్న వాషరును నీటి రంధ్రం మీద నొక్కుతుంది. ఆ కాడకూ దాని గూటికీ మధ్య సందులో నీటి పొర ఆరినప్పుడల్లా సన్నని సున్నపు స్ఫటికాలు మిగులుతాయి. పదేళ్ళు, పదిహేనేళ్ళు. ఆ తర్వాత ఆ రెండు ముక్కల్ని కలిపి ఉంచేది మర ఒక్కటే కాదు, రాయి కూడా.

కాబట్టి వాషరు మార్చబోయే మనిషికి మొదట తెలిసేది, కొళాయి తల విడిరాదని.

దానికన్నా ముందు ఇంకో అడ్డు ఉంది. నీళ్ళు ఆపాలి. అందుకు మిద్దె మీద ట్యాంకు కింద ఒక గేట్ వాల్వు పెట్టి ఉంటారు. ఇల్లు కట్టిన నాటి నుంచి దాన్ని ఎవరూ తిప్పి ఉండరు, తిప్పాల్సిన అవసరం రాలేదు. లోపలి ఇత్తడి రేకు జారే గాళ్ళలోనూ అదే సున్నం. బలంగా తిప్పితే కాడ విరుగుతుంది. నెమ్మదిగా తిప్పితే ముప్పాతిక దిగి ఆగిపోతుంది, నీళ్ళు సన్నగా వస్తూనే ఉంటాయి. ఇక ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. ఇప్పుడు ఇంట్లో ఏ కొళాయిలోనూ నీళ్ళు రావు. వంట గదిలో గిన్నెలు సింకులో ఆగుతాయి, పని మీద గడియారం ఒత్తిడి మొదలవుతుంది.

నీళ్ళను ఆపే వస్తువును బాగుచేయాలంటే ముందు నీళ్ళను ఇంకెక్కడో ఆపాలి. ఇది ఇంటికే పరిమితం కాదు. దక్షిణ పినాకిని మీద 1950ల్లో కట్టిన కృష్ణగిరి డ్యాములో 2017 నవంబరు చివర ఒక షట్టరు దెబ్బతిని నీళ్ళు ఉధృతంగా బయటికి దూకాయి. పట్టుమని ఒక ఇనుప తలుపు. దాని దగ్గర మనుషులు పని చేయాలంటే జలాశయంలో మట్టం దించాలి, అంటే రైతులు నారుమళ్ళ కోసం చూసుకుంటున్న నీళ్ళు వదిలేయాలి. ఆ ఒక్క షట్టరుతో పని ముగియలేదు కూడా. మిగిలిన షట్టర్లూ అదే కాలానివి, అదే నీళ్ళలో అన్నేళ్ళు నిలబడినవి. తర్వాతి కాలంలో వాటినీ మార్చాల్సి వచ్చింది. ఒకే రోజు బిగించిన వస్తువులు ఇంచుమించు కలిసే ముసలివవుతాయి. వాటిలో ఒకటి పోవడమంటే మిగతావాటి గురించి కబురు అందడమే. ఇంట్లో ఒక కొళాయి పోయినప్పుడు ప్లంబరు పక్క కొళాయిల్ని కూడా తిప్పి చూస్తాడు. అది పని పెంచుకోవడానికని అనుకోవడం అన్యాయం. అతనికి ఈ సంగతి అనుభవంలో తెలుసు.

రెండో రెంచి

కొళాయి తల రాకపోతే కొళాయి మొత్తాన్నే విప్పి కొత్తది పెడదాం అనుకుంటాం. సబబైన ఆలోచనే. 1990ల్లో, 2000ల మొదట్లో కట్టిన ఇళ్ళలో ఎక్కువగా జి.ఐ. పైపులు ఉంటాయి. ఉక్కు పైపు మీద తుప్పు పట్టకుండా జింకు పూత. అర అంగుళం పైపు మధ్యరకంలో గోడ మందం సుమారు 2.6 మిల్లీమీటర్లు. పైపులను కలపడానికి కొసన మర కోస్తారు. ఆ మర లోతు సుమారు 1.16 మిల్లీమీటర్లు. అంటే కలిపే చోట మిగిలేది ఒకటిన్నర మిల్లీమీటరు ఉక్కు. మర కోసేటప్పుడు జింకు పూత కూడా పోతుంది. పైపు మొత్తం మీద అన్నిటికన్నా పలచన, రక్షణ లేని చోటు ఏదంటే, సరిగ్గా మనం రేపు బలం ప్రయోగించబోయే చోటే.

పైగా అక్కడ ఇత్తడి కొళాయి ఉక్కును తాకుతోంది. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉండి, వాటి మీద లవణాలున్న నీరు ఉంటే అదొక చిన్న బ్యాటరీ. వోల్టా 1800లో జింకు, రాగి బిళ్ళలు పేర్చి చేసిన పని ఇక్కడ గోడలో నిశ్శబ్దంగా నడుస్తుంది. ఇత్తడి భద్రంగా ఉంటుంది, ఉక్కు కరుగుతుంది. నీళ్ళలో లవణాలు ఎక్కువైన కొద్దీ విద్యుత్తు సులువుగా పారుతుంది. తుప్పుకు ఉక్కు కన్నా చోటు ఎక్కువ కావాలి. రకాన్ని బట్టి అది ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. మర సందులో ఉబ్బిన తుప్పు మేకులా బిగుసుకుంటుంది. ఒకవైపు లోహం బలహీనపడుతుంటే, ఇంకోవైపు పట్టు బిగుస్తుంటుంది. ఇంతకన్నా చెడ్డ జోడీ ఉండదు.

ఇప్పుడు బలం సంగతి చూద్దాం. పైపు బయట ఉంటే ప్లంబరు రెండు రెంచిలు వాడతాడు. ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఇంకొకటి తిప్పడానికి. తిప్పిన బలమంతా ఆ రెండిటి మధ్య ఉన్న అతుకులోనే ఖర్చవుతుంది. కొళాయి గోడలో ఉన్నప్పుడు లోపలి ఎల్బోను, అంటే పైపు మలుపు ముక్కను, పట్టుకోవడానికి చోటు లేదు. రెండో రెంచి పని గోడ చేయాలి. ముప్పై సెంటీమీటర్ల రెంచి కొసన ముప్పై కిలోల బరువుతో నొక్కితే, అతుకు దగ్గర తొంభై న్యూటన్ మీటర్లకు దగ్గరగా మెలి పడుతుంది. సున్నమూ తుప్పూ వదలకపోతే ఆ మెలి ఎల్బోకు, ఎల్బో నుంచి సిమెంటుకు, సిమెంటు నుంచి టైలుకు చేరుతుంది. చివరికి వదిలేది వీటిలో అన్నిటికన్నా బలహీనమైనది. ఒకసారి టైలు పగులుతుంది, ఒకసారి లోపల ఎల్బో చీలుతుంది, ఎక్కువసార్లు కొళాయి మెడ విరిగి మర గోడలోనే ఉండిపోతుంది.

"అన్నా, లోపల ఎల్బో పోయిండాది, గోడ కొట్టాల." హోసూరు ప్రాంతంలో పని పెరిగే కథలన్నిటికీ మొదటి వాక్యం ఇది.

గోడ కొడితే బయటపడేది ఎల్బో ఒక్కటే కాదు. దాని కింద పైపు పొడవునా ఇటుక తడిసి ఉంటుంది. పైకి కారే చుక్క కనబడుతుంది కాబట్టి దాని లెక్క కట్టాం. లోపలి చెమ్మకు లెక్క లేదు. ఇటుకలోని సన్నని రంధ్రాలు నీటిని పైకీ పక్కకీ పీలుస్తాయి, అవతలి గదిలో గోడ పెయింటు ఉబ్బి రాలుతుంది. నీరు ఆరినప్పుడు అందులోని లవణాలు పూత వెనక స్ఫటికాలుగా పెరిగి దాన్ని లోపలి నుంచి నెట్టేస్తాయి. అదే బోరు నీళ్ళతో మాలు కలిపి, అదే నీళ్ళతో గోడ తడిపిన ఇంట్లో లవణాలు మొదటి నుంచే ఉన్నాయి. పడకగది గోడ ఎందుకు పెచ్చులు ఊడుతోందో ఆ ఇంటివాళ్ళకు అప్పటిదాకా అంతు చిక్కి ఉండదు. కొళాయి విరిగిన రోజున తెలుస్తుంది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే, కాకపోతే డొంక అంతకుముందే అక్కడ పెరిగి ఉంది. మరమ్మతు దాన్ని పుట్టించలేదు, చూపించింది.

టైల్సు సంగతి క్లుప్తంగా చెప్తాను. పాతికేళ్ళ కింద స్నానాల గదుల్లో ఎక్కువగా ఎనిమిది అంగుళాలకు పన్నెండు అంగుళాల టైల్సు వేసేవాళ్ళు. ఇప్పుడు షాపుల్లో ఉన్నవి పన్నెండుకు పద్దెనిమిది, పన్నెండుకు ఇరవై నాలుగు. కొలత దొరికినా రంగు కలవదు. ఒక్కో విడత మట్టి, బట్టీ వేడి వేరు కాబట్టి ఒకే పేరున్న టైలు కూడా ఛాయ మారి వస్తుంది. నాలుగు టైల్సు కావాల్సిన చోట గోడ మొత్తం మార్చడం ఇలా వస్తుంది.

సిమెంటు తొందరపడదు

పూసిన సిమెంటు ఆరుతుందని అంటాం. నిజానికి అది ఆరడం వల్ల గట్టిపడదు, నీటితో కలవడం వల్ల గట్టిపడుతుంది. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటిని తమలో కలుపుకొని కొత్త పదార్థంగా మారతాయి. ఆ మార్పు నెమ్మది. మామూలు సిమెంటు అరగంటలోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదనీ, పది గంటల్లోగా పూర్తిగా బిగుసుకోవాలనీ మన ప్రమాణాలు చెప్తాయి. కానీ దాని బలాన్ని కొలిచేది 3, 7, 28 రోజుల దగ్గర. సంచి మీద ఉండే 43, 53 అంకెలు 28వ రోజు బలానికి సంబంధించినవి. అందుకే కొత్త పూతకు కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టమంటారు. ఎండకు వదిలేస్తే నీరు ఎగిరిపోయి రసాయన చర్య మధ్యలో ఆగిపోతుంది, పైపొర పిండిలా రాలుతుంది.

ఆ వారం అయ్యాక మొదలయ్యేది అసలైన ఆరడం. ఇది ఇంకో రకం పని, దీనికి గాలి కావాలి. హోసూరు సముద్రమట్టానికి 850 మీటర్ల పైన ఉంది. చల్లదనానికి పేరున్న ఊరు. కొండ దిగితే కృష్ణగిరి, అక్కడ వేడి ఎక్కువ. ఒకే గోడ అక్టోబరు, నవంబరు ముసురులో హోసూరులో ఆరడానికీ, ఏప్రిల్‌లో కృష్ణగిరిలో ఆరడానికీ చాలా తేడా ఉంటుంది. ఆరని గోడకు పుట్టీ పెట్టి పెయింటు వేస్తే, తడి బయటికి వచ్చే దారి లేక పెయింటునే నెట్టుకొస్తుంది. కొత్తగా వేసిన గోడ మళ్ళీ ఉబ్బిన ఇళ్ళలో తప్పు తరచుగా పెయింటుది కాదు, ఇవ్వని విరామానిది.

మనుషుల్ని పెంచితే పని త్వరగా అవుతుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. నలుగురు మేస్త్రీలు వచ్చినా సిమెంటుకు వారం వారమే.

వేర్వేరు ఆయుష్షులు

ఇంతదాకా చెప్పినవన్నీ ఒక్కో పదార్థం గుణం. వీటన్నిటినీ కలిపి పట్టే ఆలోచన ఒకటుంది. బ్రిటిష్ వాస్తుశిల్పి ఫ్రాంక్ డఫీ మొదలుపెట్టగా, అమెరికన్ రచయిత స్టూవర్ట్ బ్రాండ్ 1994లో భవనాల మీద రాసిన పుస్తకంలో దాన్ని విస్తరించాడు. ఇల్లు ఒకే వస్తువు కాదు, వేర్వేరు వేగాలతో ముసలివయ్యే పొరల కట్ట అని అతని మాట. పునాదీ స్తంభాలూ 30 నుంచి 300 ఏళ్ళు. బయటి గోడల పైతొడుగు సుమారు 20. పైపులూ తీగలూ 7 నుంచి 15. సామాన్లు నెల నెలా మారేవి. ఈ పొరలు ఒకదానిపై ఒకటి జారగలిగేలా విడివిడిగా ఉంటే ఇల్లు సుఖంగా ముసలిదవుతుంది. ఒకదానిలో ఒకటి పాతేస్తే పోరు తప్పదు.

మన మరమ్మతులు పెరగడానికి అసలు కారణం ఇదేనని నేననుకుంటాను. పదిహేనేళ్ళు బతికే పైపును వందేళ్ళు ఉండాల్సిన గోడలో పాతి, దాని మీద అందం కోసం టైలు అతికిస్తాం. బయట పైపు కనబడటం నామోషీ అనే భావన మన ఇళ్ళలోకి ఎప్పుడు వచ్చిందో కానీ, చాలా ఖరీదుగా వచ్చింది.

ఈ ప్రాంతపు పాత ఇళ్ళను చూడండి. దెంకణికోట, శూలగిరి, వేపనపల్లి వైపు పల్లెల్లో రాతి కంబాల మీద పొడవాటి బండలు పరచి కట్టిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. వాన కురిస్తే అవీ కారతాయి, బండకూ బండకూ మధ్య సందులో. ఆ సందులో గార తవ్వి మళ్ళీ గార పెడతారు. రాయి కదలదు, కంబం కదలదు. చెడేది పైకి కనబడే చోట, చేతికి అందే చోట ఉంది. ఆ ఇళ్ళలో స్నానాల గదులు లేవు, పైపులు లేవు, ఆ జీవితానికి తిరిగి పోదామని ఎవరూ అనరు. అయినా త్వరగా చెడేది అందుబాటులో ఉండాలన్న తెలివి ఆ కట్టడంలో ఉంది. అదే తెలివి హోసూరు కార్ఖానాల్లోనూ ఉంది. టాటా సంస్థ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో స్థాపించిన టైటాన్ కంపెనీ గడియారాల కార్ఖానా ఈ ఊళ్ళోనే ఉంది. చేతి గడియారంలో బ్యాటరీ కొన్నేళ్ళకు అయిపోతుంది, మిగతా యంత్రం చాలాకాలం నడుస్తుంది. అందుకే వెనక మూత తెరిచేలా పెడతారు. బ్యాటరీ మార్చడానికి ముందు అద్దం పగలగొట్టమని ఎవరూ చెప్పరు. మన స్నానాల గదులు మాత్రం వెనక మూత లేని గడియారాలు.

ఇప్పటి ఇళ్ళలో జి.ఐ. బదులు సి.పి.వి.సి. పైపులు వస్తున్నాయి. వీటికి తుప్పు లేదు, పెద్ద మేలు. కానీ వాటి అతుకులు జిగురుతో కరిగి ఒకటైపోతాయి, విప్పడానికి రావు, కోసి కొత్త ముక్క వేయాలి. కొళాయి బిగించే చోట ప్లాస్టిక్ లోపల ఇత్తడి మర ఉంటుంది. రెంచి మరీ బిగిస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సన్నగా చీలుతుంది. ఆ చీలిక కొన్ని నెలల తర్వాతగాని బయటపడదు.

మేస్త్రీ ఎందుకు రాడు

పదార్థాల కథ ఇలా ఉండగా, పనిలో ఎక్కువ రోజులు మింగేది ఎదురుచూపు. ప్లంబరు గోడ విప్పి వెళ్ళాక మేస్త్రీ రావాలి, మేస్త్రీ తర్వాత టైల్సు వేసేవాళ్ళు, ఆ తర్వాత మళ్ళీ ప్లంబరు, చివర పెయింటరు. ఒక్కొక్కరి పని కొన్ని గంటలే. కానీ ఒకరి పనికీ ఇంకొకరి పనికీ మధ్య రోజులు పోతాయి.

దీనికీ ఒక శాస్త్రం ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ సంస్థలో పనిచేసిన డేనిష్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ మీద రాసిన పత్రంతో అది మొదలైంది. ఒకే పనివాడు, అదాటుగా వచ్చే పనులు అనే తేలిక నమూనా తీసుకుందాం. అతని సమయంలో సగం పనితో నిండి ఉంటే, మన వంతు వచ్చేదాకా సగటున ఒక పని పట్టేంత కాలం ఆగాలి. 80 శాతం నిండి ఉంటే నాలుగు పనుల కాలం. 90 శాతమైతే తొమ్మిది. 95 శాతమైతే పందొమ్మిది. పనివాడి తీరిక సగానికి తగ్గితే మన ఎదురుచూపు రెట్టింపు దాటుతుంది. 1970ల్లో సిప్కాట్ పారిశ్రామిక వాడ వచ్చినప్పటి నుంచి హోసూరు పెరుగుతూనే ఉంది, 2019లో నగరపాలక సంస్థ అయింది, నలభై కిలోమీటర్ల దూరంలో బెంగళూరు కట్టడాల గిరాకీ ఎప్పుడూ ఉంది. పనితనం ఉన్న మేస్త్రీకి ఖాళీ ఉండదు. రేపొస్తానని చెప్పి రాని మనిషి అబద్ధాలకోరు కానక్కర లేదు. అతని నిన్నటి ఇంట్లోనూ గోడ కొట్టాల్సి వచ్చి ఉంటుంది.

పది నిమిషాలు అని ఎందుకనుకున్నాం?

ఇన్నీ తెలిసిన మనిషి కూడా, వచ్చేసారి కొళాయి కారితే మళ్ళీ పది నిమిషాలే అంటాడు. మనస్తత్వశాస్త్రజ్ఞులు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో ఈ అలవాటును ప్రణాళికా భ్రమగా వివరించారు. కెనడా పరిశోధకులు బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న మనస్తత్వశాస్త్ర విద్యార్థుల్ని ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్ళని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైన. అంటే వాళ్ళు ఊహించగలిగిన గడ్డు కాలం కన్నా నిజం ఇంకా దూరంలో ఉంది. కానెమన్ తన పుస్తకంలో మన విషయానికి ఇంకా దగ్గరైన లెక్క ఒకటి ఇచ్చాడు: 2002లో వంట గదులు బాగుచేయించుకున్న అమెరికన్లు సగటున 18,658 డాలర్లు అవుతుందనుకున్నారు, అయింది 38,769.

వాళ్ళందరూ పనిని లోపలి నుంచి ఊహించారు. విప్పడం, మార్చడం, బిగించడం అని మెట్లు లెక్కబెట్టారు. ఆ మెట్లలో ప్రతిదీ సాఫీగా సాగడానికి నూటికి ఎనభై వంతుల అవకాశం ఉందనుకోండి, ఉదారమైన అంచనాయే. అయిదు మెట్లూ సాఫీగా సాగే అవకాశం నూటికి ముప్పై మూడు. పైగా ఆలస్యం ఒకవైపే పెరుగుతుంది. పది నిమిషాల పని ఎంత బాగా సాగినా అయిదు నిమిషాలు మిగులుతాయి. చెడితే మూడు వారాలు పోతాయి. ఉదాహరణకు పది ఇళ్ళలో ఏడింట అరగంటలో, రెండింట ఒక రోజులో, ఒక ఇంట ఇరవై రోజుల్లో పని అయిందనుకుందాం. సగటు రెండు రోజుల పైన. పది ఇళ్ళలో ఏ ఒక్కరికీ రెండు రోజులు పట్టలేదు. మనకు గుర్తుండే మామూలు అనుభవం అరగంటది, డబ్బూ సెలవులూ తినేసేది ఆ పదో ఇల్లు.

విరుగుడుగా కానెమన్ చెప్పినది బయటి చూపు. మన పని గురించి ఆలోచించడం ఆపి, అలాంటి పనులు ఇతరులకు ఎన్నాళ్ళు పట్టాయో అడగడం. ప్లంబరును "ఎంత సేపు?" అని అడిగితే అతనూ పది నిమిషాలనే అంటాడు, అతనూ మనిషే. "ఇదే వయసున్న ఇళ్ళలో, జి.ఐ. పైపు ఉన్న చోట, నువ్వు ఈమధ్య చేసిన అయిదు కొళాయిలు ఎన్నాళ్ళు పట్టాయన్నా?" అని అడిగితే జవాబు మారుతుంది. ఆ జవాబులో ఉప్పునీళ్ళు, తుప్పు, గోడ, తడి ఇటుక అన్నీ అప్పటికే కలిసి ఉంటాయి. వాటి రసాయనం మనకు తెలియకపోయినా సరే.

ఇక తెరిచిన గోడను మూసే ముందు చేయదగ్గవి కొన్నున్నాయి. ఆ గదికి విడిగా ఒక వాల్వు పెట్టించుకుంటే వచ్చేసారి ట్యాంకు ఖాళీ చేయక్కర లేదు. దాన్ని ఆరు నెలలకోసారి తిప్పుతూ ఉంటే సున్నం పట్టు బిగుసుకోదు. కొత్త పైపులో నీళ్ళు నింపి రాత్రంతా ఉంచి, పొద్దున అతుకులన్నీ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. టైల్సు కొన్నప్పుడు ఒక పెట్టె ఎక్కువ కొని మిద్దె మెట్ల కింద దాచాలి, అదే విడత ఛాయ మళ్ళీ దొరకదు. కొళాయి వెనక అవతలి గోడ వైపు, బీరువా చాటునైనా సరే, స్క్రూలతో తెరిచే ఒక చిన్న పలక పెట్టించుకోవచ్చు. పైపు గోడలో ఏ ఎత్తున, ఏ మూల నుంచి ఎంత దూరంలో పోతోందో టేపు ఆనించి ఫొటో తీసి ఇంటి పట్టా కాగితాలతో పాటు ఉంచితే, పదిహేనేళ్ళ తర్వాత వచ్చే ప్లంబరు ఎక్కడ కొట్టాలో వెతుక్కోనక్కర లేదు.